అద్దాల మేస్త్రి ముందుగా అడిగే ప్రశ్న

సూర్యాపేటలో మా పక్కింట్లో ఉండే అద్దాల మేస్త్రి పోయిన బుధవారం ఉదయం ఆరున్నరకు గుండెపోటుతో చనిపోయారు. మిర్యాలగూడలో ఒక ప్రసూతి వార్డు కిటికీలకు కొలతలు తీసుకుని అంతకు నాలుగు రోజుల ముందే తిరిగి వచ్చారు. ఆ పని మిగిలిపోయింది.

ఆయన మొదట కోదాడలో హైవే పక్కన లారీలకు, జీపులకు కూలింగ్ పేపర్ అంటించేవారు. అద్దం లోపలివైపు సబ్బు నీళ్లు చల్లి అతికించే పల్చటి పొర అది. ఎండ వేడిని కొంతవరకు లోపలికి రానివ్వదు. సూర్యాపేటకు వచ్చి కిటికీ అద్దాల దుకాణం పెట్టాక, లారీకి పనికొచ్చేది ఇంటికి ఎందుకు పనికిరాదని ఆయనే అనుకున్నారు. కోసేది భార్య, అంటించేది ఇద్దరూ. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చుకుని, పని పూర్తయిన కిటికీకి వీపు ఆనించి కూర్చుని తినేవారు. నీడలో కూర్చోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "నీడలో కూసుంటే నేనేం పని చేశానో నాకెట్ల తెలుస్తది సారూ?" అన్నారు.

భవనానికి ఆయన చేసిన మొదటి పెద్ద పని మా ఊళ్లోని ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో. వార్డు పడమటి వైపు ఉంది. ఏప్రిల్ వస్తే బాలింతలు మంచాలు గోడ నుంచి దూరంగా లాక్కునేవారు. కరెంటు పోతే కూలర్ ఆగిపోయేది. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కడితే చల్లగా ఉండేది కానీ చీకటి. ఆ చీకట్లో పసిపిల్లల ఒంటి రంగు కనిపించదని డాక్టరమ్మకు భయం. కామెర్లను ముందు పట్టించేది ఆ రంగే.

మేస్త్రి దగ్గర అప్పుడు లారీలకు వేసే గోధుమరంగు పేపరే ఉంది. అదే వేశారు. వేడి తగ్గింది, వెలుతురూ ఉంది. అందరూ మెచ్చుకున్నారు. నర్సు మాత్రం నవ్వింది. "మేస్త్రన్నా, నీ కాగితం ఏసినంక పిల్లలందరు పసుపు తానం జేసినట్టే ఉన్నరు!"

మూడో రోజు ఒక నాయనమ్మ తన మనవడు పచ్చగా ఉన్నాడంది. "అది కాగితం రంగు పెద్దమ్మా, అందరు గట్లనే కనబడుతున్నరు" అన్నారు నర్సులు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి బిడ్డను వరండాలోకి ఎత్తుకెళ్లి చూసింది. బయట వెలుగులోనూ పచ్చగానే ఉన్నాడు. ఆ సాయంత్రమే హైదరాబాద్ పంపారు.

మేస్త్రికి కబురు మర్నాడు పొద్దున అందింది. డాక్టరమ్మ ఏదో అనబోతే, "తిట్టాలమ్మా, తిట్టండి. ముందు ఇది పీకనివ్వండి" అని బ్లేడు తీశారు. భార్యాభర్తలు పొద్దుగూకేదాకా పొర లాగి, అద్దాలకు అంటుకున్న జిగురు గీకారు. తర్వాత బస్సెక్కి హైదరాబాద్ దవాఖానకు వెళ్లి బిడ్డను చూశారు. బిడ్డ కోలుకుంటున్నాడని తెలిశాకే బజారుకు వెళ్లారు. లోపలి వెలుతురుకు రంగు పులమని, వెండిలా మెరిసే రకం వెతికి తెచ్చారు.

ఈసారి వార్డంతా వేయలేదు. ఒక కిటికీకి వేసి, పక్క కిటికీని వట్టిగా వదిలి, ఒకే బిడ్డను రెండు చోట్లా పట్టుకుని చూడమన్నారు. డాక్టరమ్మ రెండుసార్లు చూసి తలూపింది. అయినా ఆయన మిగతావి మొదలుపెట్టలేదు. "నర్సమ్మ కూడా చూడాలి. మీరు లేనప్పుడు చూసేది ఆమే కదా" అన్నారు.

ఆ వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం మూడున్నర గంటలకు నేనే థర్మామీటరు తీసుకుని వెళ్లాను. పేపర్ వేసిన వార్డుకూ, అదే గోడకు ఉన్న పక్క గదికీ నాలుగు డిగ్రీల తేడా ఉంది. రెండు కూలర్లు తిరిగే చోట ఒకటే తిరుగుతోంది. వార్డు చల్లబడిందని పత్రికకు రాస్తానంటే మేస్త్రి ఒప్పుకోలేదు. "చల్లబడిందంటే మంచుగడ్డ అనుకుంటారు. నాలుగు డిగ్రీలని రాయండి. మొదటిసారి నేను తప్పు రంగు వేశానని కూడా రాయండి. ఇంకోడు ఎయ్యకుండా ఉంటాడు." రెండూ రాశాను. పత్రికలో నాలుగు డిగ్రీల సంగతి వచ్చింది, తప్పు రంగు సంగతి రాలేదు. చోటు చాలలేదన్నారు. ఆయన చదివి, "సగమే వేశారు" అన్నారు. ఆ సగం ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

ఆ తర్వాత ఏ గదిలోకి వెళ్లినా ఆయన కిటికీ వైపు చూసేవారు కాదు. "ఈ గదిలో మీరేం చూడాలి?" అని ముందు అడిగేవారు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు నేనూ వెంట వెళ్లాను. ఆఫీసు గదికి వేస్తానన్నారు మేస్త్రి. బియ్యం నమూనాలు పళ్లెంలో పోసి రంగు చూసే గదికి మాత్రం వేయనన్నారు.

"పైసలిస్తానంటే పని వద్దనే మేస్త్రిని నిన్నే సూస్తున్న" అన్నారు మిల్లు యజమాని.

"రేపు బియ్యం రంగు తేడా వస్తే నన్నే తిడతవు సేటూ. గీ గదికి చెట్టు పెట్టుకో."

మిల్లు యజమాని నవ్వి టీ తెప్పించారు. ఆ గదికి పడమర వైపు రెండు వేప మొక్కలు నాటారు. పోయినేడు చూశాను, కిటికీ ఎత్తుకు వచ్చాయి.

మొన్న మేస్త్రి ఇంటికి వెళ్లినప్పుడు ఆయన భార్య నట్టింట్లో చాప మీద పేపర్ చుట్ట విప్పి కోస్తోంది. ఆమె ఆడబిడ్డ గుమ్మంలో నిలబడి గొణుగుతోంది. "దినాలన్న కాలే. అప్పుడే పనేంది వదినె? నలుగురు ఏమనుకుంటరు?"

"దినాలైనంకనే పోత. కోసుడుకు ఏమైతది?" అంది ఆమె తలెత్తకుండా. తర్వాత నాతో అంది, "కొలతలు ఆయనవే సారూ. ఏ కిటికీ ఎవరి మంచం దిక్కు ఉందో కూడా రాసిండు. సోమవారం ఆ వార్డుకు పసిపిల్లలొస్తరు. ఎండ ఆగుతదా?"

శనివారం పెద్దకర్మ. ఆదివారం మొదటి బస్సుకు ఆమె మిర్యాలగూడ వెళుతుంది. పడమటి గోడ మీదికి ఎండ రాకముందే తొమ్మిది కిటికీలూ అంటించాలి. అద్దం వేడెక్కితే సబ్బు నీళ్లు నిలవవు. సాయంత్రం అక్కడి నర్సు ఒక బిడ్డను ఎత్తుకొచ్చి, వేసిన కిటికీ దగ్గర, వెయ్యని తలుపు దగ్గర పట్టుకుని చూస్తుంది. రెండు చోట్లా ఒకే రంగు కనిపిస్తే, సోమవారం ఉదయం ఎనిమిదికి బాలింతలను ఆ వార్డులోకి మారుస్తారు.