రాతిపలకల మీద పేర్లు

లండన్ అంటే మా ఆత్మకూరులో అందరూ నోరు తెరుచుకుని వినేవాళ్లు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ పేరు చెబితే కాళ్లు పీకుతాయి. పందొమ్మిది వందల యాభైల మధ్యలో మా షావుకారు నన్ను అక్కడికి తీసుకుపోయాడు. ఆయనకు అభ్రకం గనులుండేవి. మేము కాకిబంగారం అనే ఆ రాయిని పొరలుగా చీల్చి, వెలుతురుకు పట్టి, మచ్చలు చూసి రకాలు విడగొట్టడం నా పని. కొనేవాళ్ల ముందు చీల్చి చూపించడానికి నా చేతులు కావాలన్నాడు. చేతులతో పాటు నేనూ పోవాల్సి వచ్చింది.

అప్పుడు నా భార్యకు ఐదో నెల. అంతకుముందు ఇద్దరు పిల్లలు పురిటిలోనే పోయారు. ఈసారైనా బిడ్డ దక్కాలని ఇంటిల్లిపాదీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాం. కడుపుతో ఉన్నదాని మొగుడు సముద్రం దాటకూడదు, జుట్టు తీయించుకోకూడదు, శవాన్ని మొయ్యకూడదు, శ్మశానం ఛాయలకు పోకూడదు. ఈ ఒక్కసారికి నన్ను వదిలేయండని బతిమాలితే, "నీకు పని ఉండాలా, వద్దా?" అన్నాడు షావుకారు. ఓడ ఎక్కాను. మిగతా నియమాలన్నా నిలబెట్టుకుందామని జుట్టూ గడ్డమూ పెంచుకుంటూ తిరిగాను.

అక్కడ రోజూ ఒకటే తంతు. ఆఫీసుల మెట్లెక్కడం, చీల్చి చూపించడం, మెట్లు దిగడం. మద్రాసులో కొన్న బూట్లు కరిచి మడమలు పుండ్లు పడ్డాయి. ఒక మధ్యాహ్నం రావలసిన మనిషి రాలేదు. "ఊరికే కూచోనేది ఎందుకు, పాత చర్చి ఉండాదంట, చూసొద్దాం రా" అన్నాడు షావుకారు. నాకు గదికి పోయి పడుకుంటే చాలనిపించింది. ఆ మాట ఆయనతో అనగలనా?

గోథిక్ కట్టడమని ఆయనకెవరో చెప్పారట. వందల ఏళ్ల నాటిది. రాతిస్తంభాలు పైకి పోయి పోయి, మొన తేలిన కమానుల్లో కలుస్తాయి. తల వెనక్కి వంచితే మెడ పట్టేసింది గాని కప్పు సరిగా కనపడలేదు. రంగు అద్దాల కిటికీల్లోంచి ఎర్రగా, నీలంగా వెలుగు పడుతోంది. నేను అలవాటు కొద్దీ అద్దాల్లో మచ్చలు వెతికాను. ఎంత పాడు అలవాటో.

దేవుడి ఇల్లు కదా అని వాకిట్లోనే బూట్లు, మేజోళ్లు విప్పేశాను. చల్లటి రాయి తగిలి ప్రాణం లేచొచ్చింది. ఒక ముసలి దొరసాని నా కాళ్లు చూపించి ఏదో అంది. చలి అంటోంది కాబోలని నవ్వి ఊరుకున్నాను. నేల నిండా అక్షరాలు చెక్కిన పలకలు. మన గుళ్లలో మెట్ల మీదా గచ్చు మీదా దాతల పేర్లు చెక్కిస్తారు, భక్తుల పాదధూళి సోకితే పుణ్యమని. ఇవీ అంతే అనుకున్నాను. నాకు ఇంగ్లీషు రాదు. ఎవరో మహానుభావులు, నావల్ల కూడా వాళ్లకు కాస్త పుణ్యం రానీ అని పేరున్న ప్రతి పలకా తొక్కుకుంటూ పోయాను. అన్నిటికంటే పెద్ద పలక మీద నిలబడి చేతులు జోడించి, ఏ దేవుడివైనా సరే, ఈ బిడ్డను మాకుంచు అని మొక్కుకున్నాను.

షావుకారు వెనకనుంచి వచ్చాడు.

"ఏందిరా, గోరీ మీదెక్కి దండం పెడతా ఉండావు?"

"గోరీ ఏందయ్యా?"

"ఆ పలకల కింద పూడ్చిన మనుషులుండారురా. ఆ పేర్లు వాళ్లవే."

పక్కకు దూకుదామంటే పక్కదీ పలకే. వాకిలి దాకా వాటి మీదే నడిచి రావాలి. నడిచాను. భయం కంటే ముందు నీరసం వచ్చింది. ఇన్ని నెలలు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉన్నదంతా ఇందుకేనా అనిపించింది.

నేను తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఏడవనే లేదట. ఆత్మకూరులో పెట్టె దించి ఉదయగిరి బస్సెక్కాను. నా భార్య మా మేనత్త కూతురే. పురుడు అక్కడ పుట్టింట్లోనే జరిగింది. మా ఇద్దరికీ అవ్వ ఒక్కతే. నన్ను చూడగానే ఆ అవ్వ మొదలుపెట్టింది.

"గ్రహణం పూట కాలు కదపకుండా పడుకోమంటే ఇనిందా? నీళ్లు తాగేదానికి లేచింది. చేతులారా బిడ్డను పోగొట్టుకునింది."

నా భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బిడ్డ పోయిన నాటినుంచీ వచ్చిన వాళ్లందరి ముందూ ఆమె ఆ మాటే వింటోంది. గోరీల సంగతి నేను ఎంతవరకు నమ్మానో నాకే తెలియదు. కాని ఆ నింద ఆమె మీదనుంచి దించాలి. అందుకు నా దగ్గర ఉన్నది అదొక్కటే.

"దాందేం లేదవ్వా. నేనే ఆ ఊళ్లో చర్చిలో గోరీలు తొక్కినాను. ఉత్త కాళ్లతో తొక్కినాను."

అవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. అంతే, గ్రహణం మాట మళ్లీ ఎత్తలేదు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు నా భార్య తల నిమిరి, నావైపు చూడకుండా పోయారు. పోనీలే, నేను కోరుకున్నదే కదా అనుకున్నాను.

దీపాలు పెట్టాక అందరూ లేచిపోయారు. ఆమె మంచం మీద ఒక వారగా కూర్చున్నాను. మనిద్దరిలో ఎవరి తప్పూ కాదని చెబుదామనుకున్నాను. ఆమే ముందు ఇటు తిరిగింది.

"బావా, నిజంగానే తొక్కినావా?"

"తెలీక తొక్కినాను."

"నావల్లే పోయిందని ఇన్నాళ్లూ ఏడస్తా ఉండా" అంది. తర్వాత దుప్పటి దగ్గరకు లాక్కుంది.

"నీ కాళ్లు నాకు తగలనీబాక బావా."

నేను మంచం దిగి కింద కూర్చున్నాను.