ఇరవై లెక్కల మౌనం

రాయగడలో మాది ఇత్తడి, కంచు సామాన్ల కొట్టు. మా తాత బొబ్బిలి నుంచి వచ్చి పెట్టాడు. బిందె కొనడానికి వచ్చినవాళ్లు బిందె కంటే ముందు నా వేలి కణుపు వైపు చూస్తారు. ఒక్కసారి కొట్టి వింటే చాలు, కంటికి కనబడని పగులు కూడా చెప్పేస్తానని పేరు. ఆ చెవి మీద నాకున్న పొగరు అంతా ఇంతా కాదు. ఇంట్లోవాళ్లు "ముక్కు మీద కోపం, సెవి మీద గర్వం" అని ఆటపట్టిస్తే, అదీ పొగడ్తే అనుకునేవాణ్ణి.

ఆ చెవితోనే వయొలిన్ వాయిస్తాను. ఆదివారం మధ్యాహ్నాలు కొట్టు మేడమీద గదిలో మేం నలుగురం కూర్చుంటాం. కోరాపుట్ వైపు టౌన్‌షిప్‌లో టెక్నీషియన్‌గా చేసే పెద్దాయనది సెల్లో, కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్. మాకు కొత్త రచనలు కట్టేదీ ఆయనే. రెండో వయొలిన్ ఒక రైల్వే గుమాస్తా. నాలుగోది వెదురు వేణువు. అది వాయించే ఇరవై ఏళ్ల అమ్మాయి పద్మపూర్ నుంచి బస్సులో వచ్చేది. మేం వాయించేవి కీర్తనలు కావు, సినిమా పాటలు కావు. మా ఆవిడ గంటసేపు విని, "బాగానే ఉంది గానీ, పాటెప్పుడు మొదలెడతారు?" అని అడిగింది.

పెద్దాయనకి ఒక పట్టుదల. ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్ గదిలోకి రాకూడదు. "మిసన్ సెప్తే మనం ఇనడమేటి? ఒకరు సుతి ఇయ్యాల. మిగతావోళ్లు ఆ మనిసిని ఇనాల" అనేవాడు. నిజానికి వేణువు ఉన్నచోట వేణువుకే తీగలు కలపాలి. తీగని బిగించవచ్చు, వెదురుని బిగించలేం కదా. కానీ మా దగ్గర నా చెవికున్న పేరు అడ్డొచ్చింది. శ్రుతి నేనే ఇచ్చేవాణ్ణి.

ఆ ఏడు పెద్దాయన కట్టినదాంట్లో మధ్యలో నలుగురమూ ఆగిపోవాలి. ఎవరికి వారు మనసులో ఇరవై లెక్కపెట్టాలి. అప్పుడు ఆ నిశ్శబ్దంలోంచి వేణువు ఒక్కటే, ఒకే స్వరం మీద చాలాసేపు నిలబడాలి. కాశీపూర్‌లో ఒక బడి హాల్లో వాయించబోతున్నాం. ఆ అమ్మాయికి అదే మొదటి కచేరీ. ఆ చోటు ఆమె కోసమే రాశాడు.

మొదటిసారి ఆ ఇరవై లెక్కపెడుతున్నప్పుడే నాకది వినబడింది. సన్నగా, తెగకుండా ఒక స్వరం. గది నిండా కంచు సామాను, మా తీగలకి అదే పలుకుతోందనుకున్నాను. ఒక్కో కంచం మీద అరచెయ్యి వేసి నొక్కిపట్టాను. ఆగలేదు. వాటిలో పోయినవాళ్ల ఇళ్లనుంచి మార్పుకి వచ్చిన పాత కంచాలూ ఉంటాయి. కరిగించేదాకా అవి తమ ఇంటి మనిషిని పిలుస్తూనే ఉంటాయని మా నాయనమ్మ అనేది. నమ్మకపోయినా ముందు వాటినే కిందికి దింపించాను. తరవాత అన్నీ దింపించాను.

అలమరలు ఖాళీ. గదిలో మేం నలుగురమే. లెక్క మొదలుపెట్టగానే ఐదోవాళ్లెవరో వాయించడం మొదలుపెట్టారు. నాకు భయమేసింది.

"మీకేటైనా ఇనబడతందా?" అని అడిగాను.

"ఏటీ లేదు" అన్నాడు గుమాస్తా. నా వంక చూసిన చూపు నాకు నచ్చలేదు. మళ్లీ అడగలేదు.

ఆ భయం కోపమై ఆ అమ్మాయి మీద పడింది. అప్పటికే వేణువు మాతో కలవడం మానేసింది.

"అమ్మీ, నీ పిల్లంగోవి సుతి దిగిపోతంది."

"నేనేటీ మార్సలేదు మావయ్యా. నిరుడు ఇదే సరిపోయింది కదా?"

"అయితే నా సెవి తప్పంటావా?"

గుమాస్తా తల దించుకున్నాడు. పెద్దాయన నా మాటకే ఓటు వేశాడు. మూడు ఆదివారాలు ఆమె ఊదే తీరు మార్చి మార్చి చూసింది. నాలుగో ఆదివారం రాలేదు. ఆమె వాయించాల్సిన స్వరం నా వయొలిన్‌కి వచ్చింది.

కాశీపూర్‌లో మా కచేరీకి ముందు పిల్లలు హార్మోనియంతో ప్రార్థన పాడారు. హార్మోనియం కూడా దిగిపోయినట్టే వినబడింది. ఇదెక్కడి గోల అని రెండు చెవుల్లోనూ వేళ్లు దూర్చుకున్నాను. పిల్లలు మాయమయ్యారు. హార్మోనియం మాయమైంది. ఆ స్వరం మాత్రం లోపల నిక్షేపంగా మోగుతోంది.

ప్రార్థన అయ్యాక వయొలిన్ తీగ మీటాను. రెండూ ఒకటే. అప్పుడు తెలిసింది. నెలల తరబడి నేను నా చెవిలోని మోతకే తీగ బిగిస్తూ వచ్చాను. వాళ్లిద్దరూ నన్ను నమ్మి నా వెనకే ఎక్కారు. వేణువు దిగలేదు. మేమే పైకి పోయాం.

అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె స్వరం నేనే వాయించాను, చప్పట్లూ నేనే అందుకున్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పద్మపూర్ వెళ్లాను. వాళ్లమ్మ స్టూలు వేసి టీ పెట్టడానికి లేచింది. నేను నోరు తెరవకముందే ఆ అమ్మాయి వేణువు తెచ్చింది.

"మీ సుతికి సేసేసేను మావయ్యా. ఇప్పుడు ఇనండి."

అది వాళ్ల తాత తన చేత్తో చేసుకున్న వేణువు. ఆమె దాని కొస కోసేసింది. ఊచ ఎర్రగా కాల్చి ఒక్కో రంధ్రం పెద్దది చేసింది. అంచులన్నీ నల్లగా మాడి ఉన్నాయి. కోసిన ముక్క కిటికీలో ఉంది.

ఊదింది. ఇన్నాళ్లూ నాకొక్కడికే వినబడ్డ స్వరం ఆ ఇంట్లో, పట్టపగలు, బయట మోగింది. వంటింట్లోంచి వాళ్లమ్మ తలతిప్పి చూసింది.

"సరిపోయిందా?"

"సరిపోయింది. తప్పు నాదమ్మీ" అని అంతా చెప్పేశాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కిటికీలో ముక్క తీసి చూసుకుంది. "మరి ఇది అతకదు కదా మావయ్యా" అంది.

మిగతా ఇద్దరికీ చెప్పాను. ఆ అమ్మాయి మళ్లీ ఆదివారాలు వస్తోంది. గుమాస్తా కుర్చీలో నేనూ, నా కుర్చీలో అతనూ కూర్చుంటున్నాం. బిందెలు మా ఆవిడ కొట్టి చూస్తోంది. శ్రుతి ఆ కోసిన వేణువే ఇస్తుంది, మేం ముగ్గురం దానికి కలుపుకుంటాం. ఇరవై అయ్యాక ఆ స్వరం మొదలవడం మిగతావాళ్లకి స్పష్టంగా వినబడుతుంది. నాకది మౌనంలోనూ మోగుతూనే ఉంటుంది. ఆమె ఎప్పుడు మొదలుపెట్టిందో నా చెవికి తెలియదు. అందుకే లెక్క మానేసి, ఆ మాడిన రంధ్రాల మీద ఆమె వేళ్లు ఎప్పుడు కదులుతాయా అని చూస్తూ కూర్చుంటాను.