బారసాల కాని పాప

రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్లు నేను రోజూ నందిగామ నుంచి జగ్గయ్యపేటకు బస్సులో వెళ్లొచ్చేవాణ్ణి. పేటలో ఒక కాన్పుల ఆసుపత్రిలో కంప్యూటర్ పని. పనేముందిలెండి, చాకిరీ. పాత కేసులన్నీ డేటాబేసులోకి ఎక్కించారు గానీ అడిగిన కేసు ఒక్కటీ దొరికేది కాదు. తల్లి వివరాలు ఒక టేబుల్లో, బిడ్డవి ఇంకో టేబుల్లో, ఊళ్లు మరో టేబుల్లో. వాటన్నిటినీ కలిపి, కాన్పుకో పేజీ చేసి, సెర్చ్ ఇంజిన్‌కు ఇండెక్స్ కట్టాలి. అప్పుడు పేరు కొట్టినా, ఊరు కొట్టినా కేసు బయటికొస్తుంది.

కట్టడం మొదలుపెట్టగానే కరెంటు పోయేది. మధ్యలో పోతే అంతా పాడు, మళ్లీ మొదటికి. జనరేటర్ ఆపరేషన్ గదికి మాత్రమే. ప్రాణం విసిగిపోయేది.

ఆ పైన ఇంకో తలనొప్పి. ప్రతి పేజీకీ బిడ్డ పేరే శీర్షికగా పెట్టమంది డాక్టరమ్మ. మన దగ్గర ఇరవై ఒకటో రోజు బారసాల అయితే గాని పిల్లలకు పేరుండదాయె. పుట్టినప్పుడు ఆ గడి ఖాళీ. టీకాలకు తెచ్చినప్పుడు పేరు రాసేవారు. శీర్షిక ఖాళీగా కనబడితే చాలు, ప్రోగ్రామ్ మొరాయించేది.

"పేరు లేనివి వదిలెయ్యవయ్యా బాబూ. టీకాలకి వేరేచోటికి పోయినోళ్లే అయ్యుంటారు. గోల వదులుద్ది" అంది డాక్టరమ్మ. హమ్మయ్య అనుకుని అవన్నీ వదిలేసి ఇండెక్స్ పూర్తి చేశాను.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం వేదాద్రి నుంచి ఒకామె వచ్చింది. గర్భిణి. వెంట ఎవరూ లేరు. ఆమెది నెగటివ్ గ్రూపు రక్తం. మొదటి కాన్పు తర్వాత ఒక ఇంజక్షన్ ఇవ్వాలట. ఇవ్వకపోతే ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డకు ముప్పు రావచ్చట. ఇచ్చారో లేదో కనుక్కుని రమ్మని బెజవాడ ఆసుపత్రిలో చెప్పి పంపారు.

"కాగితాలేవమ్మా?"

"పాప పుట్టిన రోజే పోయింది సార్. చూస్తే బెంగెట్టుకుంటానని మా అత్తగారు కాగితాలన్నీ ఏట్లో కలిపేశారండి."

ఆమె పేరు కొట్టాను. ఏమీ రాలేదు. వేదాద్రి అని కొట్టాను. ఊళ్లోవాళ్లు చాలామంది వచ్చారు, ఈమె రాలేదు.

"ఇక్కడే కన్నా సార్, ఒట్టు. ఆ చివర మంచం మీదే" అంది ఏడుపు గొంతుతో.

అప్పుడు తట్టింది నాకు. బారసాల దాకా బతకని పిల్లలకు పేరెక్కడిది? టీకాలకు వాళ్లనెవరు తెస్తారు? వదిలేసినవాళ్లలో వాళ్లంతా ఉన్నారు. ఆ దిక్కుమాలిన ప్రోగ్రామ్ మీద ఒళ్లు మండిపోయింది.

నేరుగా టేబుళ్లు తెరిచి వెతికాను. ఉంది. ఆడపిల్ల. పేరు ఖాళీ. తల్లికి ఇంజక్షన్ ఇచ్చినట్టు స్పష్టంగా రాసి ఉంది. చెప్పగానే ఆమె స్టూలు మీద కూలబడి, "బతికించారు సార్" అంది.

ప్రింటు తీసి ఇచ్చాను. తీసుకుంది గానీ లేవలేదు.

"ఇందాక నా పేరు కొడితే రాలేదు కదండి. ఇప్పుడు కొడితే వస్తదా?"

రాదు. ఆమెకు కావలసింది దొరికింది, నాకు బస్సు టైమవుతోంది, నడుం లాగేస్తోంది. అయినా రాదని చెప్పడానికి నోరు రాలేదు. బిడ్డ పేరు లేకపోతే శీర్షికలో తల్లి పేరు రాసి పక్కన పాప అనో బాబు అనో పెట్టమని ప్రోగ్రాములో ఒక ముక్క చేర్చి, ఇండెక్స్ కట్టడం మొదలుపెట్టాను. కరెంటు పోయింది. ఛీ, వెధవ బతుకు అనుకున్నాను. వచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. ఆమె కొంగుతో విసురుకుంటూ అక్కడే కూర్చుంది.

పొద్దు వాలేసరికి పూర్తయింది. నేను చూపించిన మీటలు ఒక్కోటీ తనే నొక్కింది. తెర మీద ఆమె పేరు, పక్కన పాప అని వచ్చింది. అలా చూస్తూ ఉండిపోయింది.

"మా ఇంట్లో అందరూ ఇదే మొదటి కాన్పని చెప్తారండి" అంది. తెర మీది పేరును వేలితో తాకి అడిగింది.

"కరెంటు పోయినా ఉంటదా సార్?"

"ఉంటుందమ్మా" అన్నాను.