బార్బా జెర్కో మొదటి గంట

గురువారం సాయంత్రం ఏడింటికి పేకాట మొదలైందంటే, మొదటి గంటలో బార్బా జెర్కో ఒక్క నిర్ణయమూ చప్పున తీసుకోడు. బార్బా అంటే ఆ ఊళ్లో బాబాయి, పెద్దాయన అని. చేతిలో ఉండేవి రెండే ముక్కలు. చెయ్యగలిగినవి మూడే పనులు: పడెయ్యడం, సరిపెట్టడం, పెంచడం. ఆ మూడింట్లో ఒకటి అతను తేల్చుకునేలోపు అవతలివాళ్లు కాఫీ కాచుకుని, తాగి, కప్పు కడిగి బోర్లించుకోవచ్చు.

పోనీ లక్షల ఆటా అంటే అదీ కాదు. మనిషికి రెండు యూరోలు. వేసవి జనం వెళ్లిపోయాక, బురా అనే చలికాలపు ఈదురుగాలికి తలుపు తీయడమే గగనమయ్యే ఆ దీవిలో, ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఫోన్లో ఆడుకునే ఆట. కబుర్లకి గ్రూపు కాల్ ఒకటి. ఆట పెట్టేది బేకరీ వింకా. తెల్లవారకముందే పొయ్యి వెలిగించాలి కాబట్టి ఆమె పెందలాడే పడుకోవాలి. అందుకే ఏడింటికే ఆట, అందుకే జెర్కో అంటే ఆమెకు ఒళ్లుమంట.

"బార్బా, నీ వంతు."

"తెలుసమ్మా. చూస్తున్నా."

"ఏం చూస్తున్నావు? ఉన్నవి రెండు ముక్కలేగా."

"రెండేనని తీసిపారెయ్యకు. ఆదామూ హవ్వా కూడా ఇద్దరే."

చర్చి ఫాదర్ గర్గో ఫోన్లో గట్టిగా దగ్గాడు. "వాళ్లనెందుకయ్యా ఇందులోకి లాగుతావు?"

"వాళ్లూ మొదట్లోనే తొందరపడ్డారు ఫాదర్. నేను చెప్పేదీ అదే. మొదటి గంటలో గెలిచేవాడంటూ ఉండడు, ఓడేవాడే ఉంటాడు."

"సరే, నేను పెంచాను. ఉంటావా, పోతావా?"

"మీరు పెంచారంటే మంచి ముక్కలే ఉండాలి. ఫాదర్లు అబద్ధమాడరు కదా."

"పేకలో ఆడతాను."

"విన్నావా వింకా? ఇప్పుడు మళ్లీ మొదట్నుంచీ ఆలోచించాలి."

అలా ఆలోచిస్తుండగానే ఒక్కో వంతుకి ఉన్న గడువు దాటిపోయేది, ముక్కలు వాటంతటవే పడిపోయేవి. "రాజుల జత, పాపం" అనేవాడు జెర్కో, ఎవరో దూరపు బంధువు పోయినట్టు. రాజుల జత వస్తే ఫాదర్ ప్రసంగం మధ్యలోనైనా ఆపేసి పందెం కాస్తాడు. దాన్ని గడియారానికి బలిచ్చే మనిషిని వింకా ఎక్కడా చూడలేదు.

విచిత్రమేమిటంటే, జెర్కో నలభై ఏళ్లు ఆ ఊరి మంగలి. కుర్చీలో కూర్చున్నవాడు తనకేం కావాలో చెప్పేలోపే జుట్టు కత్తిరించేసేవాడు. పెళ్లి కూడా రేవులో ఒక్క చూపు చూసి నిశ్చయం చేసుకున్నాడట. అలాంటివాడు తొమ్మిదీ నాలుగూ లాంటి పనికిరాని ముక్కలొస్తే మీనమేషాలు లెక్కపెడతాడు. మళ్లీ ఎనిమిది కావస్తుంటే ఏమవుతుందో ఏమో, తూటాలా ఆడతాడు. అదేమని అడిగితే, "పాత ఇంజను కదమ్మా, వేడెక్కాలి" అంటాడు.

వింకా భర్త నెడో పెద్ద పడవలో తాళ్లు కట్టే పని చేస్తాడు. పడవ ఆరున్నరకి రావాలి. బురా వీచిందంటే దాని ఇష్టం. అందుకని పొద్దున్నే ఆటకి పేరు వేసి పోతాడు. మనిషి ఉన్నా లేకపోయినా ఫోన్లోని ఆటబల్ల మీద అతని కుర్చీ, పందెం బిళ్లలు ఉంటాయి. ముక్కలు పంచిన ప్రతిసారీ అతని ముక్కలు వాటంతటవే పడిపోతాయి, వంతు వచ్చినప్పుడల్లా తప్పక కట్టాల్సిన పందెం ఆ బిళ్లల్లోంచి పోతుంది. భర్త బదులు భార్య ఆడకూడదని ఫాదర్ కట్టడి చేశాడు. అయినా నెడో తడిసి వచ్చి ఫోను తెరిచేసరికి సగానికి పైగా మిగిలే ఉండేవి. వారమంతా ఉప్పునీళ్లూ తాళ్లూ నిద్రా తప్ప ఇంకోటి ఎరగని మనిషి, "ఇంకా ఉన్నానే" అని మురిసిపోయేవాడు. వింకాకి ఆ మురిపెం చూడటమంటే ఇష్టం.

ఓ గురువారం ఆమె ఓపిక తెగిపోయింది. ఆట పెట్టేది తనే, గడువు మార్చేదీ తనే. "ఈ వారం నుంచి పది సెకన్లు. ఆలోచన కావాలంటే భోజనాల దగ్గరే చేసుకురండి" అంది.

"అంత పని చెయ్యకమ్మా" అన్నాడు జెర్కో.

ఆరోజు జెర్కో తల్లకిందులవుతాడని వింకా కాచుక్కూర్చుంది. అతను కళ్లు మూసి తెరిచేలోపు ఆడాడు. పడేశాడు, పడేశాడు, పెంచాడు, ఫాదర్‌ని కడిగేశాడు. పది సెకన్లలో తొమ్మిది మిగిలిపోయాయి. ఆట పరుగెత్తింది. నెడో కుర్చీ ముందున్న బిళ్లలు ఎండలో వెన్నలా కరిగి, అతను రేవులో దిగకముందే అయిపోయాయి.

ఇంటికొచ్చిన నెడో ఫోను చూసి బల్లమీద పెట్టేశాడు. "ఇక నేను పేరు వెయ్యను. మీరాడుకోండి. నేను పడుకుంటాను."

వింకాకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మంచి మనిషికి ఉన్న ఒక్క ముచ్చటా తన చేత్తోనే తీసేసింది. దానికంటే పెద్ద ముల్లు ఇంకోటి: మొదటి గంటలోనే అంత చురుగ్గా ఆడగలిగినవాడు ఇన్నాళ్లూ ఎందుకు నాన్చినట్టు?

తెల్లారి జెర్కో రొట్టెకి వచ్చాడు. వింకా రొట్టె తీసింది గాని చేతికివ్వలేదు.

"బార్బా, మీ వంటింటి కిటికీలోంచి ఏం కనబడుతుంది?"

"సముద్రం. నీకు తెలీదా?"

"పడవ దీపాలు కనబడవూ?"

జెర్కో గడ్డం గోక్కున్నాడు. వింకా వదల్లేదు. "నువ్వు నాన్చితే ఆటలు తక్కువ పడతాయి. ఆటలు తక్కువైతే మా ఆయన బిళ్లలు మిగులుతాయి. దీపాలు కనబడగానే నీ ఇంజను వేడెక్కుతుంది. పది సెకన్లలో నాన్చినా లాభం లేదని నిన్న వదిలేశావు. అంతేనా?"

"రొట్టె ఇవ్వమ్మా, చల్లారిపోతోంది."

"రాజుల జతలు పారేసుకున్నావు కదయ్యా దీనికోసం."

"రాజులు మళ్లీ వస్తారు. చలిలో తాళ్లు లాగి వచ్చినవాడికి కూర్చోడానికి ఓ చోటుండాలి. వాడితో అనకు. తెలిస్తే మొహమాటపడి మానేస్తాడు."

వింకాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెంటినీ మింగి, రొట్టెతో పాటు అంజూరపు పిండివంట ఒకటి పొట్లం కట్టి ఇచ్చింది.

మళ్లీ గురువారం వచ్చేసరికి నెడో పేరు తనే వేసింది. "పది సెకన్లు నాకే చాలట్లేదు" అని గడువు పెంచేసింది. బురా ఊళ వేస్తోంది, పడవ జాడ లేదు. జెర్కో తీరిగ్గా ఆలోచించి అలిసిపోయాడు. తర్వాత వంతు వింకాది. ఏడూ రెండూ వచ్చాయి. పేకలో అంతకంటే దరిద్రం లేదు, చంటిపిల్లాడైనా పారేస్తాడు.

"ఆగండి ఫాదర్. పెద్ద చిక్కొచ్చి పడింది."

"నీక్కూడా అంటుకుందా తల్లీ?" అన్నాడు ఫాదర్.

చివరికి నెడో వచ్చాడు. నీళ్లోడుతున్న కోటు విప్పకుండానే ఫోను అందుకుని, "ఇంకా ఉన్నానే" అన్నాడు. మొదటి ఆటలోనే ఉన్న బిళ్లలన్నీ మధ్యలోకి తోసేశాడు. ఫాదర్ సరిపెట్టి ఆసుల జత చూపించాడు. నెడో పని అయిపోయింది.



"కాస్తయినా ఆలోచించావా?" అంది వింకా.

"ఇందులో ఆలోచించడానికేముంది? జాకీ వచ్చింది, తోశాను." నెడో కుర్చీ లాక్కుని, ఫోను ఉప్పుడబ్బాకి ఆనించి, సూపు గిన్నె ముందుకు జరుపుకున్నాడు. "అది సరేగానీ, ఇవాళ పడవలో ఏమైందో వినండి. ఒకాయన కారు వెనకసీట్లో గొర్రెపోతుకి బెల్టు పెట్టి తెచ్చాడు. టికెట్టు మనిషికా, సామానుకా అని కెప్టెను నన్నడుగుతాడు."

కథలో ఆ గొర్రెపోతు పడవ దిగేసరికి అందరూ నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. ఫాదర్ నవ్వుతూ నవ్వుతూ రాణుల జతకి గడువు దాటించేసుకున్నాడు.

"వింకా, వచ్చేవారం మనం ఇంకాస్త నిదానంగా ఆలోచించాలేమో" అన్నాడు జెర్కో.

"అలాగే బార్బా" అంది వింకా, భర్త గిన్నెలో ఇంకో గరిటె పోస్తూ.