ఎక్కని సవారీ

నిమ్మళంగ చెప్త గని, ముందు ఆ కుర్సీ ఇటు జరుపుర్రి. గుర్రాల రైడ్‌కు పోతే కాళ్లు పట్టుకపోయినయ్. గుర్రానికి కాదు, నాకు.

మా రాణి మీకు ఎరుకే గదా, సిద్దిపేటల పెండ్లికొడుకులను ఊరేగించే తెల్ల గుర్రం. "ముసల్దైంది బావా, అమ్మేద్దాం" అని నా బామ్మర్ది మల్లేశం ఒక్కటే పోరు. దాంట్ల వానిది గూడ సగం పాలు. నాకేమో పాణం ఒప్పలే. గప్పుడే ఎవలో క్లబ్బోళ్లు మూడొద్దుల రైడ్ పెట్టిన్రు. సిద్దిపేట నుంచి చిన్నకోడూరు మీదికెళ్లి చేర్యాల దాక, మట్టితొవ్వల పొంటి. ఫస్ట్ రావాల్నని లేదు. ఆగిన కాడల్లా పశువుల డాక్టర్ చూస్తడు. గుండె నిమ్మళపడాలె, ఒంట్ల నీళ్లు తగ్గలేదని తెల్వనీకి గుంజి ఇడిసిన తోలు మళ్ల సాపు కావాలె, కుంటొద్దు. ఏది తేడా ఉన్నా గాడనే ఆపేస్తరు. చివరిదాంక పోతే అమ్ముడు బంద్ అని మల్లేశంతోని మాట తీసుకున్న.

ఇగ నా తయారీ చూడాలె. నానబెట్టిన శనగలు, ఉప్పు బెల్లం కలిపిన నీళ్లు, మెడ మీద ఎయ్యనీకి తడిబట్టలు. అన్నీ రాణికే. నాకేమో రబ్బరు చెప్పులు. ఎక్కి కూసునేటోనికి బూట్లెందుకు అనుకున్న.

జెండా ఊపిన్రు. అందరి గుర్రాలు ఉరికినయ్. మాది నిలబడ్డది. మడిమలతోని పొడిచిన, బతిమాలిన, శనగలు చూపిచ్చిన. ఊహూఁ. యాష్టకొచ్చి దిగి, కళ్లెం పట్టుకోని ముందట నడిచిన. బుద్ధిగ ఎనుక వచ్చింది.

గప్పుడు సమజైంది. ఇన్నేండ్ల సంది పెండ్లికొడుకు పైన, నేను ముందట. మనిషి ముందట నడిస్తెనే అడుగెయ్యాలని దానికి నేర్పిందే నేను. ఇంటికాడ ప్రాక్టీసు చేసినప్పుడు నేను పైన కూసుంటే, కళ్లెం పట్టుకోని ముందట మల్లేశం నడిచిండు. గది నాకు తట్టనే లేదు.

ఇగ నడుసుడే. చిన్నకోడూరు దాటినంక పత్తిచేన్ల కలుపు తీస్తున్న ఒక అవ్వ అడిగింది, "గుర్రం ఉండంగ నడుస్తున్నవేంది కొడుకా, మొక్కున్నదా?"

"ఉన్నదవ్వా" అన్న. ఇంకేం చెప్పాలె?

రెండోనాడు బెల్లం నీళ్లు దానికో గుక్క, నాకో గుక్క. ఒక చెప్పు తెగింది, సుతిలి కట్టిన. సాయంత్రం డాక్టర్ సారు రాణి గుండె చూసి మెచ్చుకున్నడు. "ఇంత నిమ్మళంగ కొట్టుకుంటుంది, ఎట్ల మెయింటెయిన్ చేస్తున్నవయ్యా?"

"బరువు తగ్గిచ్చిన సార్" అన్న. నిజమే గదా.

మూడోనాడు చేర్యాల చేరేసరికి అందరికన్న లాస్టు మేమే. ఆఖరి పరీక్షల సారు "కొంచెం ఉరికిచ్చు" అన్నడు. ఉరికిచ్చుడంటే ముందట నేను ఉరకాలె. ఏడుపొచ్చింది. నాలుగడుగులేసిన్నో లేదో, సారు చెయ్యెత్తిండు. ఇంత దూరం వచ్చి ఈడ పాయె అనుకున్న.

"గుర్రం మంచిగున్నది, పాసు. కుంటేది నువ్వు. నువ్వు కూసో."

ఆ మట్టిలనే కూలబడ్డ. మా కోసం ట్రాలీ తీసుకోని వచ్చిన మల్లేశం గిదంత చూస్తనే ఉన్నడు. రాణి మెడ నిమిరిండు, నన్ను కిందికెళ్లి మీదిదాంక చూసిండు.

"మాట మాటే బావా, దీన్ని అమ్మేది లేదు. ఇంకా మస్తు పెండ్లిళ్లు చేస్తది. ముందట నడిచెటానికి మాత్రం ఇంకో మనిషిని చూద్దాం."