రాళ్లలో ఏరిన నూకలు: కొలాబ్ ఒడ్డున రెండు రోజులు

మా ఆయనకి రాయగడలో కిరాణా హోల్‌సేల్ కొట్టు ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ కొట్టు షట్టరు వరసగా రెండు రోజులు దించి ఉండడం నేను ఒక్కసారే చూశాను. అది పోయిన కార్తీకమాసంలో, విశాఖ ఆసుపత్రిలో ఆయన గుండెకి స్టెంటు వేసినప్పుడు. డాక్టరుగారు విశ్రాంతి కావాలన్నారు. ఈయన ఇంటికొచ్చి కొట్లో చెక్కకుర్చీ తీసేసి మెత్తటి కుర్చీ వేయించుకుని, ఇదే విశ్రాంతి అన్నారు. ఏప్రిల్ దాకా ఓపిక పట్టాను. ఇక లాభం లేదని, మా పక్కింటి టీచరమ్మ చెప్పిన కొలాబ్ జలాశయం ఒడ్డున అడవి బసలో రెండు రాత్రులకి గది చెప్పేసి, టికెట్లు కొనేశాక ఆయనకి చెప్పాను. "ఎవర్నడిగి సేసేవే?" అన్నారు. "మిమ్మల్నడిగితే అయ్యే పనేటండీ?" అన్నాను.

ఈ కథలో రెండు సంగతులు ముందే తెలియాలి. మా ఆయన రోజూ షట్టరు ఎత్తేముందు గుప్పెడు నూకలు గుమ్మం ముందు చల్లుతారు. పావురాలు, పిచ్చుకలు వచ్చి ముక్కు పెట్టేదాకా బోణీ చెయ్యరు. వాళ్ల నాన్నగారి దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. రెండోది నాది. ఆయనకి గుండెలో నొప్పి వచ్చిన సాయంత్రం నేను మేడ మీద బట్టలు తీస్తుంటే నాగావళి వైపు నుంచి తీతువు అరిచింది. తీతువు అరిస్తే చెడు జరుగుతుందని మా వైపు చిన్నప్పుడే నూరిపోస్తారు. కిందకి దిగేసరికి ఆయన గోడకి జారగిలబడి చెమటలు కక్కుతున్నారు. అప్పట్నుంచి ఆ పిట్ట గొంతు వింటే దాన్ని తిట్టుకుంటూ, చేతిలో పని వదిలేసి ఆయన ఎక్కడున్నారో వెతుక్కుంటాను.

రాయగడలో పొద్దున్న ఏడు దాటాక రైలెక్కాం. స్లీపరు చాలు, కిటికీ ముఖ్యం. లక్ష్మీపూర్ దాటాక సొరంగాల మీద సొరంగాలు వస్తాయి, చీకటి పడ్డప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. పన్నెండు కొట్టేసరికి కోరాపుట్‌లో దిగాం. బోరిగుమ్మ, జయపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి బస్సే సుఖం. స్టేషన్ బయట జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు సాలూరు కుర్రాడే, శ్రీను. ఎనిమిది వందలన్నాడు, ఏడు వందలకి ఒప్పుకున్నాడు. గంట లోపు ప్రయాణం, చివరి మూడు కిలోమీటర్లు మట్టిదారి. "పులులుంటాయేటి బాబూ?" అని అడిగారు మా ఆయన. "పులి లేదు, సావుకారిగారూ. ఎలుగులున్నాయి గానీ మనకి కనపడవు. పిట్టల్ని సూడ్డానికే అందరూ ఒస్తారు" అన్నాడు. "పిట్టల్ని సూడ్డానికి కొట్టు కట్టేసుకుని రావాలేటి!" అని ఈయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. బయట ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు బుట్టల్లోకి పువ్వులు ఏరుకుంటున్నారు, జీపులోకి కూడా ఆ తియ్యటి వాసన వస్తోంది.

బస పెద్దదేం కాదు. నీళ్లకి ఎదురుగా, సాలచెట్ల నీడలో నాలుగు రకాల వసతులున్నాయి. ఒంటరిగా వచ్చేవాళ్లకి పెద్ద పాకలో మంచం ఆరు వందలు. గుడారం ఇద్దరికి పద్దెనిమిది వందలు. ఎర్రమట్టి గోడల ఇల్లయితే రెండువేల ఆరు వందలు. చెట్టుని ఆనుకుని స్తంభాల మీద కట్టిన మంచె మూడువేల రెండు వందలు. భోజనాలు అన్నిట్లోనూ కలిసే ఉన్నాయి. ఆయన మంచె చూసి చిన్నపిల్లాడైపోయారు. నేను మెట్లు లెక్కపెట్టాను, పదిహేడు. కుదరదన్నాను. చివరికి నీళ్లకి అన్నిటికన్నా దగ్గరగా, వరసలో చివరనున్న గుడారం తీసుకున్నాం. మధ్యాహ్నం వంటవాడు జగ్గు రాగులతో కాచిన చల్లటి మండియా పేజ్ పోశాడు. అతను దసమంతపూర్ వైపు మనిషి, వచ్చీరాని తెలుగులో దాని గొప్పలన్నీ చెబుతుంటే ఆయన ఒక గుటక వేసి, "ఇది మన సోళ్లంబలే కదయ్యా!" అని రెండో గ్లాసు అడిగారు. స్టెంటు వేశాక ఆయన ఏదైనా రెండోసారి అడగడం అదే మొదలు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, పొగ అన్నాను.

నాలుగున్నరకి మా గైడు వచ్చింది. పేరు సోంబారి, నలభై దాటిన, ఈ కొండల్లోనే పుట్టిన దేశియా మనిషి. పెళ్లికి ముందు సాలూరు సంతలో చింతపండు అమ్మేదట, అక్కడే తెలుగు పట్టుబడింది. ఒడ్డున తడిమట్టిలో అడుగుల గుర్తులు చూపిస్తూ ఇది నక్క, ఇది కుందేలు, ఇదిగో రాత్రి పందులు తవ్విన చోటు అని చెబుతుంటే బడిలో కూర్చున్నట్టుంది. తిరిగి వచ్చేటప్పుడు గుడారాల కుడివైపు గులకరాళ్ల గట్టు దగ్గర ఆగి, "ఇటు మాత్రం ఎవరూ ఎల్లకండమ్మా, గుడ్లున్నాయి" అంది. నేను విన్నాను. ఆయన పది అడుగులు వెనక, సిగ్నలు దొరికిన ఒకే ఒక్క చోట నిలబడి పప్పుల లారీ గురించి ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆయనకి చెప్పాలని నాకు తట్టలేదు. సరిగ్గా అప్పుడే ఆ గట్టు మీంచి తీతువు అరవడం మొదలుపెట్టింది, నా మతి నాకు లేదు. ఆయన ఫోను దించారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మర్నాడు అయిదున్నరకి మెలకువ వచ్చి చూస్తే పక్క ఖాళీ. గుడారం జిప్పు లాగి బయటికి పరిగెత్తాను. ఆయన లుంగీ ఎగ్గట్టి, చేతిలో గుడ్డసంచీతో, ఆ గులకరాళ్ల గట్టు మీదే నిలబడి ఉన్నారు. నా పెట్టె అడుగున, తువ్వాళ్ల కింద, నాకు తెలియకుండా రెండు కిలోల నూకలు తెచ్చుకున్నారు! తీతువు నెత్తి మీద గింగిరాలు తిరుగుతూ గోల పెడుతోంది.

"ఏటండీ ఈ పని?"

"ఊరుకోవే. నిన్న సాయంత్రం నుంచీ అరుస్తోంది. నువ్వు బయపడ్డావు, నాను సూసేను. కాసిన్ని గింజలేస్తే శాంతిస్తాదని..." అని ఇంకో గుప్పెడు చల్లారు.

తీతువు శాంతించలేదు. కాకులు వచ్చాయి. మొదట రెండు, తర్వాత ఆరు. అవి నూకలు తింటూ తింటూ గట్టు మధ్యకి గెంతాయి. వెనక నుంచి సోంబారి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. "సావుకారిబాబూ, ఏటి సేసేరు! అక్కడ గుడ్లున్నాయి!" "ఎక్కడమ్మా? అన్నీ రాళ్లే కదా" అన్నారీయన అయోమయంగా. "అందులో నాలుగు రాళ్లు కావు!" అంటూ ఆమె చేతులూపి కాకుల్ని తోలింది. ఒక కాకి మాత్రం బూడిదరంగు మచ్చల గుడ్డుని ముక్కున కరుచుకుని మంచె పక్క చెట్టు మీదికి ఎగిరిపోయింది.

పదహారు రోజులుగా కాపలా కాస్తోందట సోంబారి. పోయినేడు ఎవరిదో కారు ఎక్కి గుడ్లన్నీ చితికిపోయాయట. చుట్టూ కంచె కడితే కాకులకి మనమే చూపించినట్టవుతుందని ఏ గుర్తూ పెట్టలేదు. "గింజలున్నంతసేపూ కాకులు ఎల్లవు బాబూ. మిగిలిన మూడూ ఈ పొద్దు పోతాయి" అని కూలబడింది. కొట్లో ఎవరి చేతా మాట పడని మనిషి, తల వంచుకుని నిలబడ్డారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "ఏరేద్దాం."

"రాళ్లలో నూకలు ఏరతారేటి?"

"నా పని అదేనమ్మా."

ఆయన పన్నెండో ఏట కొట్లో కూర్చున్నారు. మొదటి పని బియ్యంలో రాళ్లు ఏరడం. ఇప్పుడు అవే వేళ్లు రాళ్లలో బియ్యం ఏరడం మొదలుపెట్టాయి. నాకు ఒక గింజ కనపడేసరికి ఆయన పది ఏరేవారు. చూసి కాదు, తడిమి. జగ్గు వంటింట్లోంచి చేట తెచ్చాడు. గుడ్లకి దూరంగా ఉన్న గులకరాళ్లన్నీ చేటలోకి ఎత్తి, చెరిగి, నూకలు ఒకవైపు, రాళ్లు ఒకవైపు పోశాం. గుడ్ల దగ్గర మాత్రం చేత్తోనే. సోంబారి గట్టిగా చెప్పింది, పది నిమిషాలు ఏరాలి, తర్వాత అందరూ చెట్టు కిందకి పోవాలి. మనం అక్కడే ఉంటే తల్లి రాదు, తల్లి రాకపోతే ఎండకి గుడ్లు ఉడికిపోతాయి. మేం తప్పుకున్నప్పుడల్లా కాకుల్ని తోలడానికి జగ్గు దూరంగా కర్ర పట్టుకుని నిలబడేవాడు.

మొదటి రెండుసార్లు తప్పుకున్నా పిట్ట రాలేదు. ఎనిమిది దాటి ఎండ చురుక్కుమంటోంది. మూడోసారి సోంబారి బైనాక్యులర్ నా చేతిలో పెట్టి చూడమంది. తీతువు నీళ్లలో పొట్ట దాకా దిగి, ఈకలు తడుపుకుని, సన్నటి పసుపుకాళ్ల మీద గబగబా నడిచొచ్చి ఆ మూడు గుడ్ల మీద కూర్చుంది. తడి పొట్టతో వాటిని చల్లబరుస్తోంది. లేచి వెళ్లి మళ్లీ తడుపుకుని వచ్చింది. నేను చూస్తూ ఏడ్చేశాను. ఈ పిట్టనా నేను ఆరు నెలలుగా తిట్టుకుంటున్నది!

తొమ్మిదింటికి మాత్ర తీసుకెళ్లి ఇచ్చాను, తలకి తడి తువ్వాలు చుట్టాను. ఎప్పుడూ అడ్డం చెప్పే మనిషి నోరు తెరిచి మాత్ర వేసుకుని మళ్లీ వంగారు. నేను కూడా పక్కన కూర్చుని ఏరాను. పదకొండున్నరకి సోంబారి గట్టంతా ఒకసారి తిరిగొచ్చి, చాలు బాబూ అంది. కాకులు అప్పటికి విసుగొచ్చి పోయాయి. పొద్దున్న వెళ్లాల్సిన పడవ షికారు పోయింది. మనిషికి మూడు వందలు, సాయంత్రానికి మార్చారు. జాలరి నాటుపడవలో నీటికాకులూ, మునిగి చేప పట్టే పెద్ద డేగా కనిపించాయి, కానీ ఈయన కళ్లు గట్టు మీదే ఉన్నాయి.

పొద్దు వాలుతుంటే గుడారం ముందు కుర్చీల్లో కూర్చున్నాం. ఏదో నక్క అటు వచ్చినట్టుంది, తీతువు మళ్లీ అందుకుంది. ఈసారి నేను దాన్ని తిట్టుకోలేదు. ఆయన కాసేపు విని నవ్వారు.

"అచ్చం నీలాగే అరుస్తోందే."

"నాను అరుస్తున్నానేటి?"

"మరి? ఉప్పు తగ్గించండి, మెట్లెక్కకండి, మాత్రేసుకున్నారా, ఎండలో తిరక్కండి. ఆరు నెల్లుగా ఇదే కదా. నాను ఇసుక్కున్నాను. దానికీ నీకూ ఉన్నది బయమేనని నాకు తెలీలేదు" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన వేలికొసలు రాళ్లకి గీసుకుపోయి గరుగ్గా ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన నలుగురున్న చోట నా చెయ్యి పట్టుకోలేదు. జగ్గు పొయ్యి దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాడు, అయినా వదల్లేదు.

మర్నాడు బయల్దేరే ముందు బైనాక్యులర్‌లో చూస్తే మూడు గుడ్లూ ఉన్నాయి. సంచీలో మిగిలినవీ ఏరినవీ కలిపి నూకలన్నీ జగ్గుకి ఇచ్చేశారు. ఎన్నిసార్లు కడిగాడో పాపం, పొద్దున్న బసలో అందరికీ నూకల ఉప్మా వండాడు. నా పళ్ల కింద రాయి ఒకటే వచ్చింది.

ఇంటికొచ్చిన పదకొండో రోజున సోంబారి ఫోటో పంపింది. ఎంత చూసినా రాళ్లే. వేళ్లతో పెద్దది చేసి చూస్తే రెండు రాళ్లకి కళ్లున్నాయి. మూడో గుడ్డు పిల్ల కాలేదట. ఆ రోజు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఈయన ఫోటో చూపించారు. ఏటీ కనపళ్లేదంటే, "కనపడకూడదయ్యా, అదే దాని తెలివి" అని మురిసిపోయారు. కాకి ఎత్తుకుపోయిన గుడ్డు సంగతి మాత్రం నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఎత్తలేదు. పొద్దున్నే గింజలు చల్లడం మానలేదు, కానీ ఇప్పుడు చల్లేముందు ఒక నిమిషం కింద చూస్తారు, పైన చూస్తారు. సాయంత్రం మేడ మీద బట్టలు తీసేటప్పుడు నాగావళి వైపు తీతువు అరిస్తే నేను ఆగి వింటున్నాను. ఎక్కడో ఏదో భద్రంగా ఉండాలని గొంతు చించుకుంటోంది, పాపం. ఆయన కిందనుంచి కేకేస్తారు, "మాత్రేసుకున్నానే!" అని.

బస పేరు రాయలేదు, గూడున్న చోటికి జనం ఎగబడతారని భయం. కోరాపుట్ స్టేషన్ బయట కొలాబ్ ఒడ్డున అడవి బస అని ఏ జీపువాళ్లనడిగినా తీసుకెళ్తారు. వేసవిలో వెళ్తే మొదటి సాయంత్రమే గూళ్లు ఎక్కడున్నాయో గైడుని అడగండి, మీతో వచ్చినవాళ్లు ఫోను దించాక వాళ్లకీ చెప్పండి. బయల్దేరేముందు ఒక్కసారి పెట్టె అడుగున, తువ్వాళ్ల కింద చెయ్యి పెట్టి చూసుకోండి.