విజయకుమారి మేడం, నోటీసు బోర్డు మీద అందరికీ ఒకే మాట

నిన్న పొద్దున ఒంగోలు బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. మా విజయకుమారి మేడం ఇక లేరట.

మొన్న కూడా నా డ్రాఫ్ట్ వెనక్కి పంపారు. మనిషి బాగానే ఉన్నారు. నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మేడం మా కాలేజీలో తెలుగు లెక్చరర్. నేను ఆఫీసులో క్లర్క్‌ని. సర్క్యులర్ గానీ, ఇన్విటేషన్ గానీ మేడం చూడందే బయటికి వెళ్ళేది కాదు. ఒక నోటీసులో వాడిన మాటే అన్నింట్లోనూ ఉండాలి. కల్లంలో మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరినట్టు తప్పులు ఏరేవారు. హాస్టల్ మెస్ మెనూని కూడా వదల్లేదు మహాతల్లి.

లోపల్లోపల తిట్టుకునేవాళ్ళం. ఆమెకీ తెలుసు.

మా ఆఫీసుకి ఒక అలవాటుండేది. నోటీసుల్లో పెద్దవాళ్ళు పరమపదించేవారు. క్రైస్తవ లెక్చరర్లు ప్రభువునందు నిద్రించేవారు. అటెండర్లు మాత్రం మృతి చెందేవాళ్ళు.

మా అటెండర్ ఏసోబు గారు పోయినప్పుడు మేడం ఆ డ్రాఫ్ట్ మొత్తం కొట్టేసి, "ఏసోబు గారు కన్నుమూశారు" అని రాశారు. ఇకమీదట ఎవరు పోయినా ఇదే వాక్యం అన్నారు. కరస్పాండెంట్ గారికి కోపం వచ్చి, రేపు నాక్కూడా ఇంతేనా అని అడిగారు. ఇంతేనండీ అన్నారు మేడం, చాలా మర్యాదగా.

ఏసోబు గారి భార్య ఆ నోటీసు నాచేత చదివించుకుని బోర్డు కిందే కూలబడిపోయారు.

"మా ఆయన్ని ఇంతవరకూ ఎవరూ గారు అనలేదమ్మా."

మేడం అది విని దగ్గరికొచ్చారు. గంజి పెట్టిన కాటన్ చీరతో ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నారు. క్లాసుకి బెల్ కొట్టినా లేవలేదు.

ఇవాళ మేడం నోటీసు రాయాల్సింది నేను. ఏదైనా గొప్పగా రాయమ్మా అన్నారు ప్రిన్సిపాల్ గారు. నాకూ రాయాలనే ఉంది. ఉన్న పెద్ద మాటలన్నీ తెచ్చి ఆమెకే పెట్టాలనిపించింది. సిస్టమ్ ముందు కూర్చుని బాగా ఏడ్చా.

తర్వాత ఏసోబు గారి నోటీసు ఓపెన్ చేసి, పేరు మార్చి, ప్రింట్ తీసి బోర్డుకి అంటించా.

"విజయకుమారి గారు కన్నుమూశారు."

దిద్దడానికి ఇందులో ఏమీ లేదు మేడం.
ఇక ప్రశాంతంగా విశ్రాంతి తీసుకోండి.